కత్తా, జీనా, జీపా? ఇరవై వేలు పట్టుకుని అడిగినవాడికి

మొన్న దసరా ముందు మా వీధి కుర్రాడొకడు విజయనగరం గంటస్తంభం దగ్గర టీ గ్లాసు పట్టుకుని, "మావయ్యా, ఇరవై వేలు కూడబెట్టాను. పాత మిలటరీ సామాను ఒకటి కొనాలనుంది. కత్తి కొనమంటావా, గుర్రపు జీను కొనమంటావా, ఇంకొన్నాళ్ళు ఆగి జీపు చూడమంటావా?" అన్నాడు. వాడికి గుర్రాల పిచ్చి. ఫోన్ తెరిస్తే రౌతులు, బల్లేలు, ఫిరంగులు. అదే జబ్బు నాకు ముప్పై ఏళ్ళుగా ఉంది కాబట్టి ఒక్క ముక్కలో తేల్చలేకపోయాను. రెండు టీలయ్యాయి, వాన పట్టుకుంది, చూరు కింద నిలబడి ఇంకో గంట మాట్లాడుకున్నాం. ఆ మాటలే ఇక్కడ కాస్త కుదురుగా పెడుతున్నాను. ఈ ప్రశ్న అడిగినవాళ్ళలో వాడు మొదటివాడేం కాదు.

ముందు ఒక సంగతి. జైపూర్‌లోనో లూధియానాలోనో ఉన్నవాళ్ళు చెప్పే సలహా మనకి సగమే పనికొస్తుంది. అక్కడి గాలి పొడి. మనకి బస్సెక్కితే గంటలో సముద్రం. వానాకాలం మొదలైన దగ్గర్నుంచి తుఫాన్లు తగ్గేదాకా బీరువాలో పట్టుచీరలే బూజు పడతాయి. ఇనుముకి తుప్పు, తోలుకి బూజు, ఉన్నికి పురుగు. అందుకని నేను ఎంతకి దొరుకుతుందని తరవాత అడుగుతాను, మన ఇంట్లో ఎన్నేళ్ళు ఆగుతుందని ముందు అడుగుతాను. ఇంకొకటి, దాన్ని చేత్తో పట్టుకుంటే కొత్తగా ఏం తెలుస్తుందన్నది. గోడకి తగిలించి చూసుకోవడానికైతే ఫోటో ఫ్రేము చాలు.

జీను సంగతి

గుర్రపు దళం అంటే ఏమిటో తెలుసుకోవాలనుకున్నవాడికి జీనుని మించిన పాఠం లేదు. కత్తి చూస్తే రౌతు ఒక్కడే గుర్తొస్తాడు. జీను చూస్తే గుర్రం కూడా గుర్తొస్తుంది. మన దేశంలో అప్పుడప్పుడూ బయటపడే రకం 1912 నమూనా, బ్రిటిష్ కాలపు సైన్యంలో అందరికీ ఒకటే రకంగా ఇచ్చినది. రెండు పక్కలా రెండు చెక్క పలకలు, వాటిని కలుపుతూ ముందొక ఉక్కు కమాను, వెనకొక ఉక్కు కమాను, పైన తోలు. వెన్నెముక మీద ఏమీ ఆనదు, మధ్యలో గాలి ఆడుతుంది. అడుగున మడత పెట్టిన కంబళి గానీ నమ్దా అనే అదిమిన ఉన్ని పరుపు గానీ. గుర్రం చిక్కిపోతే కంబళి ఇంకో మడత వేసి సరిపెట్టేవాళ్ళు. యుద్ధంలో గుర్రం చిక్కిపోవడం ఖాయమని ముందే ఒప్పుకుని చేసిన వస్తువు అది.

రౌతు, తుపాకి, తూటాలు, కత్తి, దాణా సంచి, నీళ్ళు, కంబళి అన్నీ కలిపి ఆ గుర్రం మోసేది వంద కిలోలు దాటి. అందుకే దూర ప్రయాణాల్లో రౌతులు మధ్యమధ్య దిగి, గుర్రాన్ని పక్కన నడిపించుకుంటూ వెళ్ళేవాళ్ళు. సినిమాల్లో ఎప్పుడూ దౌడే కాబట్టి మనకిది తోచదు.

మరి కొనొచ్చా? నా కథ వినండి. పదేళ్ళ కిందట బయటి రాష్ట్రంలో పాత సామాన్ల వ్యాపారి ఒకాయన దగ్గర ఇలాంటి జీను కొన్నాను. లారీ పార్సిల్లో వచ్చింది. గోనె విప్పగానే తోలు ఎండి, బీటలు వారి ఉంది. మా నాన్న కిర్రుచెప్పులకి ఆముదం రాయడం చిన్నప్పుడు చూసినవాణ్ణి, అరలీటరు ఆముదం పట్టించాను. వారానికి ఒళ్ళంతా జిగురు. ఆషాఢం వచ్చేసరికి దుమ్ము, దుమ్ము మీద తెల్లటి బూజు. గుడ్డతో తుడిస్తే గుడ్డ అంటుకుపోతోంది.

కోట వైపు చెట్టు కింద చెప్పులు కుట్టే తాత దగ్గరికి మోసుకెళ్ళాను. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని, వాసన చూసి, నావైపు చూశాడు.

"ఏటి బాబూ, దీనికి ఆముదం తాగించేరా? సెప్పులంటే రోజూ నడిసి అరగదీత్తారు, పడతాది. ఇది మూలనుండే సామాను. తాగినంత తాగి మిగిలింది కక్కేత్తాది."

తర్వాత బొటనవేలి గోరు కుట్టు వెంట నడిపించాడు. "ఇది మంచి పని బాబూ. రెండు సూదుల కుట్టు. ఇటునుంచొకటి, అటునుంచొకటి, ఒకే కంతలోంచి. ఒక దారం తెగినా రెండోది ఒగ్గదు." గోరు పక్క పట్టీల మీదకి వచ్చి ఆగింది. "ఇవి మాత్రం మిషను కుట్టు. పోగులు సూడండి, నైలాను. ఇవి దీని పుట్టుకవి కావు."

జీనుని గుర్రానికి బిగించే కట్టు పట్టీలు, కాలు పెట్టే రికాబుల తోళ్ళు, అన్నీ కొత్తవే. పాత ధర తీసుకుని సగం కొత్త జీను అంటగట్టాడు వ్యాపారి. నేను పుస్తకాలు చదివి గుర్తుపట్టలేకపోయినది ఆ తాత గోటితో పట్టేశాడు. అందుకే జీను గానీ, కళ్ళెం గానీ, తోలు ఒర గానీ కొనేటప్పుడు ఒక చెప్పులు కుట్టే మనిషిని పక్కన పెట్టుకోండి. టీ ఖర్చుతో పోతుంది. ఇంటికి తెచ్చాక నూనె ఏదైనా చుక్కలతోనే, ఏడాదికి ఒకటి రెండుసార్లు. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టొద్దు. పాత నూలు చీర కప్పి, గాలి ఆడే చోట, నేలకి ఎత్తుగా. కింద ఆనించడానికి పీపా లాంటిది లేకపోతే పలకలు వంకర పోతాయి. రెండు గదుల ఇంట్లో ఈ భాగోతం అంతా కుదరదు. మా ఆవిడ దాన్ని ఇప్పటికీ "మీ రెండో సంసారం" అంటుంది.

కత్తి

కత్తి కొంటే రెండు రకాల మధ్య తేల్చుకోవాలి. మన తల్వారు ఒకటి, 1908 నమూనా బ్రిటిష్ రౌతు కత్తి ఒకటి. రెండూ గుర్రం మీదవే అయినా పని వేరు. తల్వారు వంపు తిరిగి ఉంటుంది, పిడి చివర పళ్ళెంలాంటి బిళ్ళ ఉంటుంది. పట్టుకుంటే ఆ బిళ్ళ మణికట్టుకి అడ్డం పడి చెయ్యి ముందుకి చాచనివ్వదు. ఇదేం కత్తి అనిపిస్తుంది. అదే భుజం నుంచి లాగి కోసినట్టు తిప్పితే బిళ్ళ అడ్డం రాదు, అలుగు (కత్తికి కోసే రేకు) తనంతట తనే జారుతూ కోస్తుంది. 1908 కత్తి దానికి పూర్తి విరుద్ధం. 35 అంగుళాల తిన్నని సన్నటి అలుగు, చేతిని మొత్తం కప్పేసే ఉక్కు గిన్నె. దాంతో నరకడం దండగ. చెయ్యి చాచి, గుర్రం వేగంతోనే పొడవాలి. చిన్న బల్లెం అనుకోండి. భారతీయ రౌతుల కోసం పిడి కాస్త చిన్నదిగా చేసిన రకం కూడా ఉంది.

తమాషా ఏమిటంటే, పొడవడమా నరకడమా అని దశాబ్దాల పాటు వాదించుకుని ఆఖరికి ఇంత మంచి పొడిచే కత్తి తయారుచేసేసరికి మరతుపాకులు (మెషిన్ గన్లు) వచ్చేశాయి.

ఇక ఇంట్లో ఉంచుకునే సంగతి. 1959 ఆయుధాల చట్టం కింద నిబంధనల్లో, 9 అంగుళాలకన్నా పొడవు లేదా 2 అంగుళాలకన్నా వెడల్పు అలుగున్న కత్తులు, బాయ్‌నెట్లు, బల్లేలు ఆయుధాల లెక్కలోకే వస్తాయి. వాటికి లైసెన్సు ఏయే ప్రాంతాల్లో కావాలో ప్రభుత్వం నోటిఫై చేస్తుంది. కొనేముందు మీ స్టేషన్లో అడిగి తెలుసుకోవడం ఉత్తమం. .303 తుపాకికి తగిలించే 1907 బాయ్‌నెట్ అలుగే 17 అంగుళాలు, చిన్నదే కదా అనుకోవద్దు. వందేళ్ళు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది. అమ్మేవాడికి లైసెన్సుండాలి, మనం దేశం దాటించకూడదు. తుపాకుల జోలికి, "ఖాళీ తూటాలే సార్" అన్న మాటల జోలికి అసలు పోవద్దు.

డెహ్రాడూన్‌లో మంచి నకలు కత్తులు చేస్తారు. నకలని చెప్పి అమ్మితే తప్పేం లేదు, బరువు, తూకం తెలుసుకోవడానికి అవి చాలు. పాతదని చెప్పి అమ్మినప్పుడే మనం మునుగుతాం.

దసరా నాడు ఆయుధ పూజ చేస్తే ఒక మాట. మా ఇంట్లో తల్వారుకి తడి గంధం, కుంకుమ పెట్టారు. మా పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరంలో పడి ఐదు రోజులు తుడవడం మరిచాను. ఇప్పటికీ అలుగు మీద రూపాయి బిళ్ళంత తుప్పు బొట్టు ఉంది. ఎంత రుద్దినా పోదు. పైడితల్లి పెట్టిన బొట్టనుకుని వదిలేశాను.

హెల్మెట్, నీళ్ళ సీసా

మొదటిసారి కొనేవాడికి నేను చెప్పేది ఇవే. చవక, తేలిక, చట్టం గొడవ తక్కువ. రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్, భారత సైన్యాల హెల్మెట్ బోర్లించిన పళ్ళెంలా ఉంటుంది. పైనుంచి పడే ముక్కల్ని ఆపడానికి చేసింది గనక అంచు వెడల్పు. కొనేటప్పుడు బయట రంగు చూడొద్దు, తిరగేసి చూడండి. లోపలి తోలు పట్టీ, గడ్డం పట్టీ కొక్కేలు, అంచు కింద అచ్చు వేసిన గుర్తులు. రంగు మీద కొత్త వాసన వస్తే గుర్తుల మీద కూడా రంగు పూసి ఉంటారు.

నీళ్ళ సీసా ఇంకా ముచ్చటైన వస్తువు. 1937 నమూనాది ఇనప సీసా మీద నీలం ఎనామెల్, దాని మీద ఖాకీ ఉన్ని తొడుగు, మూతికి తాడు కట్టిన బెండు బిరడా. తొడుగుని తడిపితే నీళ్ళు చల్లబడతాయి, మన కుండకి తడిగుడ్డ చుట్టినట్టే. చేత్తో ఊపి చూస్తే లోపల ఎనామెల్ పెచ్చులు గలగలలాడతాయి. ఆ గలగల వినిపిస్తే ధర తగ్గించమనండి, నీళ్ళు మాత్రం తాగొద్దు.

ఇత్తడి సామాను మీద మాత్రం నాకు నమ్మకం లేదు. దిక్సూచులు, దుర్భిణులు, బాకాల మీద పాత సంవత్సరాలు చెక్కి ఉంటాయి. మొరాదాబాద్, రూర్కీల్లో ఇవాళ్టికీ రోజూ తయారవుతూనే ఉన్నాయి. అలంకారానికైతే కొనుక్కోండి, చరిత్రకైతే వద్దు.

జీపు

ఇరవై వేల మనిషికి జీపు మాటెందుకని అడగొద్దు. ప్రతివాడి మనసులో అదే ఉంటుంది. యాభై ఏళ్ళు దాటిన బండికి 2021 నిబంధనల ప్రకారం కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించడానికే 20,000 రూపాయలు. అంటే కుర్రాడి సొమ్ము కాగితాలకే సరి, బండి ఇంకా రాలేదు. వచ్చినా రోజూ తిప్పడానికి లేదు.

అయినా తేడా తెలిసి ఉండటం మంచిది. "ఒరిజినల్ విల్లీస్", అంటే రెండో యుద్ధకాలపు అమెరికా జీపు, అని చూపించేవాటిలో ఎక్కువ భాగం తర్వాతి మహీంద్రాలకి కొత్త ముఖం పెట్టినవే. పంజాబ్, హర్యానా సరిహద్దులోని డబ్వాలీ మండీ ఇలాంటి తయారీకి పేరుమోసింది. యుద్ధకాలపు బండికి ముందు జాలీలో తొమ్మిది గళ్ళు, తర్వాతి పౌరుల రకానికి ఏడు. ఇంకా మంచి పరీక్ష హెడ్‌లైట్లు. యుద్ధకాలపు జీపులో వాటిని మడతబందు మీద వెనక్కి తిప్పొచ్చు, రాత్రిపూట ఇంజను రిపేరుకి అదే దీపం. అమ్మేవాడిని ఆ లైటు తిప్పి చూపించమనండి, సగం బేరాలు అక్కడే తేలిపోతాయి. జబల్‌పూర్‌లో నిస్సాన్ నమూనాతో కట్టిన జోంగా అనే మిలటరీ బండి మీద మోజు పడేవాళ్ళూ ఉన్నారు. ఆరు సిలిండర్ల నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను అది. పెట్రోలు బంకు వాడు మీకు చుట్టమైతే కొనండి.

ఏ సినిమా?

సామాను కొనే ముందు రెండు మూడు సినిమాలు చూడమంటాను, ఖర్చు లేదు గనక. కానీ ఏది ఎందుకు చూస్తున్నామో తెలియాలి. 1964 బొబ్బిలి యుద్ధంలో రామారావు రంగారాయుడు, ఎస్వీ రంగారావు తాండ్ర పాపారాయుడు. నటన కోసం పదిసార్లు చూడొచ్చు, గుర్రపు దళం కోసం మాత్రం వద్దు. అసలా యుద్ధమే రౌతులది కాదు. 1757 జనవరి 24న జరిగింది మట్టికోట ముట్టడి. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు గోడ కొట్టాయి, కాలిబంట్లు లోపలికి దూరారు. వరి మళ్ళు, వెదురు డొంకలు, చెరువు గట్లు ఉన్న మన నేల మీద గుర్రాలు బారులు తీరి దౌడు తీయడానికి చోటేది? (ఇంకొకటి, విజయనగరంలో పుట్టినవాళ్ళం ఆ సినిమాని ఒక కన్ను మూసుకునే చూస్తాం. బుస్సీ వైపు నిలిచిన మా రాజుని అలా చూపిస్తే ఏం చేస్తాం మరి. బొబ్బిలి స్నేహితుడు పక్కన కూర్చుంటే రెండో కన్ను కూడా మూసుకోవాలి.)

గుర్రాలు కాలిబంట్ల మీదికి వస్తే ఏమవుతుందో చూడాలంటే నెపోలియన్ ఆఖరి యుద్ధం మీద తీసిన 1970 వాటర్లూ. బొందార్చుక్ దర్శకుడు. సోవియట్ సైన్యం నుంచి దాదాపు 15,000 మందిని తెచ్చి తీశాడు, రౌతులు విడిగా. బ్రిటిష్ పటాలాలు చతురస్రాలు కట్టి నిలబడితే ఫ్రెంచి గుర్రాలు వాటి చుట్టూ ఏటి నీళ్ళు బండల చుట్టూ తిరిగినట్టు తిరుగుతాయి. గుర్రం బాయ్‌నెట్ల గోడ మీదికి దూకదన్న సంగతి ఆ ఒక్క పైనుంచి తీసిన షాటుతో అర్థమవుతుంది.

1854 క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ రౌతులు రష్యా ఫిరంగుల మీదికి వెళ్ళిన బాలక్లావా దాడి మీద రెండు సినిమాలున్నాయి, 1936ది, 1968ది. నేను 1968 పక్షం. 1936 సినిమా ఆ దాడికి కారణాన్నే మార్చేసి, లేని భారతదేశపు పగ ఒకటి కల్పించింది. పైగా కాళ్ళకి తీగలు కట్టి గుర్రాల్ని పడగొట్టడంతో చాలా గుర్రాలు చచ్చాయి. గుర్రాల మీద ప్రేమతో సినిమా చూసేవాడికి అది మింగుడుపడదు. 1968 సినిమాలో కనీసం అసలు తప్పు కనిపిస్తుంది. కొండ మీద ఉన్నవాడికి కనిపించిన ఫిరంగులు లోయలో ఉన్నవాడికి కనిపించవు, చీటీలో రాసిన ఆజ్ఞ ఏ ఫిరంగుల గురించో ఎవడికీ తెలియదు, 670 మంది దాకా ఉన్న దళం తప్పు లోయలోకి నడిచింది.

ఒక్కటే చూస్తానంటే మాత్రం 1987 ఆస్ట్రేలియా సినిమా లైట్‌హార్స్‌మెన్. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 అక్టోబరు 31న, పాలస్తీనాలోని బీర్షెబా దగ్గర ఆస్ట్రేలియావాళ్ళు తుర్కీ సైన్యం మీద చేసిన దాడి కథ. సాయంత్రం, గుర్రాలకి నీళ్ళు లేవు, నీళ్ళున్న బావులు శత్రువు ఊళ్ళో. దాదాపు 800 మంది దౌడు తీశారు. వీళ్ళు నిజానికి రౌతు దళం కారు, గుర్రమెక్కి వెళ్ళి దిగి పోరాడే తుపాకి బంట్లు. కత్తుల్లేవు. బాయ్‌నెట్లు తుపాకికి తగిలించకుండా చేత్తో పట్టుకుని కత్తుల్లా చాచారు. తుర్కీ సైనికులు దూరానికి పెట్టిన గురి తగ్గించుకునేలోపు గుర్రాలు దగ్గరికి వచ్చేశాయి, గుండ్లు తలల మీంచి పోయాయి. 31 మందే చనిపోయారు. నడక, దుడుకు నడక (ట్రాట్), దౌడు అని వేగం మెట్లు మెట్లుగా పెరగడం అందులో చూసినట్టు ఇంకెక్కడా చూడలేదు.

అదే పాలస్తీనాలో మన రౌతులు హైఫా ఊరి మీద చేసిన దాడి, 1918 సెప్టెంబరు 23ది, దీనికి ఏమాత్రం తీసిపోదు. జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు (బల్లేల రౌతులు) కొండ పక్కన ఊరి మీదికి మరతుపాకులకి ఎదురు వెళ్ళారు. అదే బ్రిగేడులో హైదరాబాదు లాన్సర్లూ ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ ముగ్గురు కంచు సైనికులు ఈ మూడు సంస్థానాలవాళ్ళే. ఢిల్లీ వెళ్ళినవాళ్ళు ఆటోలోంచి చూసి వెళ్ళిపోకండి, దిగండి.

కొనకుండా చూసేవి

వస్తువుల జోలికి పోకుండా కాళ్ళతో తిరిగేవాడికి మన దగ్గర తక్కువేం లేదు. పద్మనాభం కొండ దగ్గరికి విజయనగరం నుంచి ఉదయం వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు. 1794 జూలై 10న పేష్కషు (ఈస్టిండియా కంపెనీకి కట్టే కప్పం) బాకీ తగాదాలో విజయనగరం రాజు చినవిజయరామరాజు కంపెనీ సైన్యానికి ఎదురు నిలిచి అక్కడే నేలకొరిగాడు. వానాకాలంలోనే వెళ్ళండి, జూలైలో ఆ నేల ఎలా ఉంటుందో బూటు చెప్తుంది. గుర్రం ఊసు లేకపోయినా ఫర్వాలేదంటే విశాఖ బీచిలో కుర్సురా జలాంతర్గామి ఉంది. 1969 నుంచి 2001 దాకా పనిచేసిన 91 మీటర్ల ఇనప గొట్టం. పిల్లలకి మాత్రం అదే ముందు చూపించండి. అదే బీచిలో గుర్రమెక్కిస్తారు కూడా. ఒక్క ఫర్లాంగు దుడుకు నడక నడిపించి దిగితే తొడలు రెండ్రోజులు గుర్తుచేస్తాయి. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళమీద నడుస్తుందన్న సామెత ఎవరు పుట్టించారో గానీ వాళ్ళు గుర్రం ఎక్కినవాళ్ళే.

ట్రంకు పెట్టె

ఇదంతా విన్నాక కుర్రాడు, "అయితే హెల్మెట్టే కొంటాను" అన్నాడు. అప్పుడు నాకు అడగాలని తోచింది, "మీ ఇంట్లో మిలటరీలో చేసినవాళ్ళు ఎవరూ లేరా?" అని. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ ప్రశ్నకి లేరనే జవాబు రావడం అరుదు. పాలకొండ వైపు వాళ్ళ అమ్మమ్మగారి ఊళ్ళో తాతగారిది నల్ల ట్రంకు ఉందన్నాడు. మూత మీద తెల్ల రంగుతో నంబరు, పేరు. లోపల ఏముందో ఎవరూ చూడలేదట, పైన ధాన్యం బస్తాలున్నాయి.

ముందు అది తెరువు, తర్వాత కొను అన్నాను. బజారులో దొరికే హెల్మెట్ ఎవరి తలదో తెలియదు. ఈ పెట్టెకి మనిషి ఉన్నాడు. పతకాలుంటే అంచూ వెనకా తిప్పి చూడమన్నాను. మన సైన్యం 1965, 1971 యుద్ధాలకి ఇచ్చిన పతకాలకి నంబరు, పేరు చెక్కి ఉంటాయి. సమర్ సేవా స్టార్ అయితే 1965, పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్ అయితే 1971, ఏ వైపు సరిహద్దో పేరే చెప్తుంది. బ్రాసో పెట్టి తళతళలాడించొద్దని కూడా చెప్పాను, అక్షరాలు అరిగిపోతాయి. ఇదే కారణానికి బజార్లో పతకాలు కొనడం నాకిష్టం ఉండదు. పతకం మీద ఇంకొకరి పేరు కనబడుతూనే ఉంటుంది.

మొన్న ఆదివారం వచ్చాడు. పతకాలు దొరకలేదు. మేనమామ ఎవరికో ఇచ్చాడట, ఆరా తీస్తున్నాడు. దొరికింది ఒక స్వెట్టరు, పే బుక్కు, నీళ్ళ సీసా ఒకటి. సీసా ఉన్ని తొడుగు ఒక పక్క పురుగు కొట్టేసింది, బిరడా లేదు. ఊపాను. చప్పుడు రాలేదు, ఎనామెల్ నిలిచే ఉంది. ఇద్దరం కలిసి చెట్టుకింద తాత దగ్గరికి తీసుకెళ్ళాం. తాత కళ్ళద్దాలు పైకి తోసి తొడుగు చూసి, "దీనికి కంబలి ముక్క కావాలి బాబూ, కొత్తది కాదు, ఉతికి ఉతికి మెత్తబడిపోయినది" అన్నాడు. కుర్రాడు అక్కడి నుంచే అమ్మమ్మకి ఫోన్ కలిపాడు.